నెహ్రూను మించి ఓట్లు తెచ్చుకున్న నల్గొండ బిడ్డ రావి నారాయణరెడ్డి

స్వతంత్ర భారతదేశంలో జరిగిన మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ ఓట్లు ఎవరికి పడ్డాయి? చాలామంది ఆలోచించకుండా జవహర్‌లాల్ నెహ్రూ పేరు చెప్తారు. కానీ ఆ రికార్డు నల్గొండది. భువనగిరి దగ్గర బొల్లేపల్లి అనే పల్లెటూరిలో పుట్టిన రావి నారాయణరెడ్డికి 1952లో నల్గొండ లోక్‌సభ స్థానంలో 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకి అలహాబాద్ వైపు స్థానంలో వచ్చినవి 2,33,571. తేడా 75 వేలకు పైనే.

ఇంకో మాట. నల్గొండ అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఇంకొకటి రిజర్వుడు సీటు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి లేదు. పెద్ద నియోజకవర్గం కాబట్టే అన్ని ఓట్లు వచ్చాయి అని కొందరు కొట్టిపారేస్తుంటారు. అయితే నెహ్రూ నిలబడిందీ ఇద్దరు సభ్యుల స్థానంలోనే. కాబట్టి పోలిక సరైనదే. నల్గొండ రిజర్వుడు సీటులో రావి వెంట గెలిచింది సుంకం అచ్చాలు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన గల్లీల్లో ఒక మాట వినబడుతుంది. ఒక్క ఓటుతో ఏమవుతుంది, ఎవరొచ్చినా మన బతుకు ఇంతే అని. అంతకు కొన్నేళ్ల ముందు దాకా ఓటు అంటే ఏమిటో కూడా చూడని పల్లెలు అప్పుడు ఎందుకు అంతగా కదిలాయో రావి నారాయణరెడ్డి జీవితం చూస్తే అర్థమవుతుంది.

దొరల ఇంట్లో పుట్టి

రావి నారాయణరెడ్డి 1908 జూన్ 4న పుట్టారు. భూములున్న కుటుంబం. ఊళ్లో నలుగురు చేతులు కట్టుకుని నిలబడే ఇల్లు. అప్పటి నల్గొండ జిల్లా అంతా నిజాం రాజ్యంలో భాగం. కచేరీ భాష ఉర్దూ, ఇంటి భాష తెలుగు. పట్వారీ దఫ్తర్ నుంచి తాలూకా కచేరీ దాకా ఏ కాగితం కావాలన్నా ఉర్దూ వచ్చినవాళ్ల దగ్గరికి పోవాల్సిందే. ఇప్పటికీ మన పల్లెల్లో దరఖాస్తు, రసీదు, జమాబందీ, వకాల్తా అనే మాటలు తెలుగు మాటల్లాగే వాడతాం కదా, అవి ఆ జమానా నుంచి వచ్చినవే.

చదువు కోసం రావి హైదరాబాద్ వచ్చారు. రెడ్డి హాస్టల్‌లో ఉన్నారు. పల్లెల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు అప్పట్లో అది పెద్ద అండ. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టగానే, చదువుకునే వయసులోనే, దాంట్లో పాల్గొనడానికి కాకినాడ దాకా పోయారు. ఆ తర్వాత హరిజన సేవక సంఘం పనిలోకి దిగారు. దళిత పిల్లల చదువు, హాస్టళ్లు చూసుకున్నారు. తన భూమిలో కొంత పేద, దళిత కుటుంబాలకు పంచి ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక భూస్వామి కొడుకు ఇలాంటి పని చేస్తే సొంత కులంలోనే వెలివేసినట్టు చూసేవాళ్లు.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మీద నిజాం ప్రభుత్వం నిషేధం పెట్టింది. దానికి వ్యతిరేకంగా సత్యాగ్రహం చేసి జైలుకు పోయిన మొదటి బృందంలో రావి ఉన్నారు. జైలు నుంచి బయటికి వచ్చాక ఆయన దారి నెమ్మదిగా కమ్యూనిస్టుల వైపు మళ్లింది.

పావలా సభ్యత్వం

తెలంగాణలో తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ. దాని మొదటి సభ 1930లో జోగిపేటలో జరిగింది. అధ్యక్షుడు పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి. తర్వాతి ఏడాది దేవరకొండ సభకు అధ్యక్షుడు ఇంకో పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు. మొదట్లో ఈ సభలు గ్రంథాలయాలు, తెలుగు చదువు, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేవి. వచ్చేవాళ్లు ఎక్కువగా వకీళ్లు, చదువుకున్నవాళ్లు, కాస్త భూమి ఉన్నవాళ్లు.

1941లో హుజూర్‌నగర్ దగ్గర చిలుకూరులో జరిగిన సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. 1944లో భువనగిరిలో మళ్లీ ఆయనే. ఈ భువనగిరి సభలో జరిగిన ఒక చిన్న మార్పు తెలంగాణ చరిత్రనే తిప్పింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగు అణాలకు దించారు.

కామర్స్ లెక్కలో చూస్తే ధర నాలుగో వంతుకు తగ్గించడం, అంతే. కానీ ఆనాటి కూలీకి రూపాయి అంటే ఎన్నో రోజుల కష్టం. పావలా అయితే ఎలాగో కూడబెట్టగలడు. రూపాయి ఉన్నంత కాలం సభ పెద్దమనుషులది. పావలా అయ్యాక గొర్రెల కాపరి, కౌలు రైతు, చాకలి, మాదిగ, దూదేకుల అందరూ చేరగలిగారు. కొందరు పాత నాయకులు ఇది ఒప్పుకోక విడిపోయారు. పల్లెల్లో మాత్రం మహాసభ పేరే మారిపోయింది. జనం దాన్ని సంగం అన్నారు. పావలా ఇచ్చి చీటీ తీసుకున్నవాడికి మొదటిసారి ఒక సంగతి తెలిసింది, తన పేరు కూడా ఒక లిస్టులో ఉంటుందని, ఆ పేరుకు లెక్క ఉంటుందని.

వెట్టి మీద తిరుగుబాటు

అప్పటి నల్గొండ పల్లెల్లో వెట్టిచాకిరీ ఎంత ఘోరంగా ఉండేదో ముసలివాళ్ల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. దొర ఇంట్లో పని, దొర పొలంలో పని, అధికారి వస్తే మేనా మోయడం, కోళ్లు, గొర్రెలు, చెప్పులు, కుండలు ఊరికే ఇవ్వడం, ఒక్కో కులానికి ఒక్కో వెట్టి. భూమి దున్నేది ఒకరు, పట్టా ఇంకొకరిది.

విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకా అప్పుడు నల్గొండ జిల్లాలోని జనగామ తాలూకాలో ఉండేది. అక్కడ కామారెడ్డిగూడెంకు చెందిన షేక్ బందగీ అనే సామాన్య రైతు తన భూమి కోసం కోర్టుకు పోయాడు. దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్ల మీద కేసు నడిపినందుకు 1940లో ఆయన్ని చంపేశారు. ఆయన సమాధి దగ్గరికి హిందువులు, ముస్లింలు ఇద్దరూ పోతారు. తర్వాత అదే ఇలాకాలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుళ్లకు బలయ్యాడు. అక్కడి నుంచి పోరాటం ఆగలేదు.

1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. దాని కింద మూడు పేర్లు ఉన్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఒకరు నల్గొండ, ఒకరు కరీంనగర్, ఒకరు మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టిన ఉర్దూ షాయర్. రజాకార్ల రోజులను కేవలం హిందూ ముస్లిం గొడవగా చెప్పేవాళ్లు ఈ మూడో పేరును మర్చిపోతుంటారు. రజాకార్లను, నిజాం సర్కారును తన పత్రికలో నిలదీసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన జర్నలిస్టు షోయబుల్లా ఖాన్‌నూ మర్చిపోతుంటారు.

తుపాకీ దించమన్న నాయకుడు

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన ముగిసింది. అప్పుడు పార్టీలో పెద్ద ప్రశ్న లేచింది. నిజాం పోయాడు, ఇక పోరాటం ఆపాలా, నెహ్రూ ప్రభుత్వం మీద కూడా కొనసాగించాలా?

రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు. నిజాం మీద కోపంతో జనం కలిసి వచ్చారు గానీ, కొత్తగా వచ్చిన స్వాతంత్ర్యం మీద వాళ్లకు ఆశ ఉంది, ఆ జనాన్ని సైన్యం ముందుకు తోయడం తప్పు అన్నది ఆయన వాదన. పార్టీలో చాలామంది ఒప్పుకోలేదు. ఆయన మీద పిరికితనం ముద్ర వేసినవాళ్లూ ఉన్నారు. పోరాటానికి పిలుపు ఇచ్చిన ముగ్గురిలో ఒకడే ఇప్పుడు వద్దంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? అయినా ఆయన మాట మార్చుకోలేదు.

ఈ మధ్యలో పల్లెలు నలిగిపోయాయి. ఒకవైపు మిలిటరీ క్యాంపులు, ఇంకోవైపు దళాలు. మొత్తం పోరాటంలో 4 వేల మంది దాకా చనిపోయారని పార్టీ లెక్క. ముస్లిం కుటుంబాలకు ఆ రోజులు ఇంకో రకంగా కష్టం. నిజాం ప్రభుత్వంలో చిన్న నౌకరీలు చేసుకునే చాలామంది ఇళ్లకు రోజీ పోయింది. రజాకార్లతో ఏ సంబంధం లేనివాళ్లు కూడా భయంతో బతికారు. రేపు ఈ దేశంలో మన జాగా ఏమిటి అన్న ప్రశ్న ఇంటింటికీ వచ్చింది.

చివరికి 1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటాన్ని విరమించింది. అదే నెలలో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల పోలింగ్ మొదలైంది.

మొదటి ఓటు

నిజాం రాజ్యంలో మామూలు రైతుకు, కూలీకి, ఆడవాళ్లకు ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు అనేదే లేదు. ఇప్పుడు 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. దొరకూ ఒక్కటే, జీతగాడికీ ఒక్కటే. దేశం మొత్తంలో 17 కోట్లకు పైగా ఓటర్లు, వాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు.

అందుకే అప్పటి పోలింగ్ ఇప్పటిలా ఉండేది కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. డబ్బా మీద గుర్తు అంటించి ఉండేది. ఓటరు కాగితం తీసుకుని లోపలికి పోయి, తనకు నచ్చిన గుర్తు ఉన్న డబ్బాలో వేయడమే. ముద్ర వేసేది లేదు, పేరు చదివేది లేదు. ఎన్నికలు నడిపించిన మొదటి చీఫ్ ఎలక్షన్ కమిషనర్ సుకుమార్ సేన్‌కు ఇంకో ఇబ్బంది ఎదురైంది. దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్యను, ఫలానా ఆయన తల్లిని అని మాత్రమే రాయించుకున్నారు. పేరు లేకపోతే ఓటు లేదని గట్టిగా నిలబడడంతో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లు లిస్టు నుంచి పోయారు. సొంత పేరు చెప్పుకోకపోతే హక్కు ఎలా పోతుందో ఆ లెక్క ఒక్కటే చాలు.

హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా ఉంది. అందుకే వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నిన్నటి దాకా తుపాకీ పట్టినవాళ్లు ఇవాళ ఓటు అడుగుతున్నారు. జనం నమ్ముతారా? అంతకంటే ముందు, అసలు బయటికి వస్తారా? పోలింగ్ స్టేషన్ అంటే పోలీసులు ఉంటారు, పోలీసులు అంటే నాలుగేళ్లుగా భయం.

అక్కడే పావలా సభ్యత్వం పనికొచ్చింది. ప్రతి ఊళ్లో సంగం తెలిసిన మనిషి ఉన్నాడు. ఎవరి ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి భయమో, ఎవరు ముసలివాళ్లో అతనికి తెలుసు. బయటి నుంచి ఎవరో వచ్చి ఓటు వేయమంటే వినేవాళ్లు తక్కువ. పక్కింటివాడు వచ్చి కలిసి పోదాం పద అంటే కదులుతారు. 1952లో అయినా ఇవాళ అయినా ఇది మారలేదు.

ఫలితం 3,09,162. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి గెలిచారు. పోరాటంలో తుపాకీ పట్టిన ఆడమనిషి శాసనసభలో కూర్చున్నారు. 175 సీట్ల హైదరాబాద్ అసెంబ్లీలో ఫ్రంట్‌కు 42 సీట్లు వచ్చాయి. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాద్ నగరంలో ఓడిపోయారు. తర్వాత ఉప ఎన్నికలో ఆయన్ని గెలిపించి అసెంబ్లీకి పంపింది ఎవరంటే నల్గొండ జిల్లా హుజూర్‌నగర్ ఓటర్లు. ఎక్కువగా తెలుగు మాట్లాడే రైతులు, ఎక్కువగా హిందువులు, ఒక ఉర్దూ షాయర్‌కు ఓటు వేశారు. పోలీస్ యాక్షన్ జరిగి నాలుగైదేళ్లే అయింది అప్పటికి. మన జాగా ఏమిటి అని అడుగుతున్న ఇళ్లకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

పాలమూరు వైపు లెక్క వేరు. అక్కడ కాంగ్రెస్‌ది పైచేయి. వనపర్తి నుంచి సురవరం ప్రతాపరెడ్డి, షాద్‌నగర్ నుంచి బూర్గుల రామకృష్ణారావు గెలిచారు. 93 సీట్లతో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. బూర్గుల హైదరాబాద్ రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకున్న మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర మహాసభలో ఒకప్పుడు కలిసి నడిచినవాళ్లు ఇప్పుడు ఎదురెదురు పార్టీలు. అయినా ఎవరూ ఎవరినీ చంపుకోలేదు. అసెంబ్లీలో కూర్చుని కొట్లాడుకున్నారు. రావి కోరుకున్న మార్పు అదే.

గెలిచాక, తర్వాత

అన్ని ఓట్లు వచ్చినా రావి నారాయణరెడ్డి ప్రతిపక్షంలోనే ఉన్నారు. మంత్రి పదవి లేదు, అధికారం లేదు. ఐదేళ్లు లోక్‌సభలో ఉన్నారు. 1957లో భువనగిరి నుంచి అసెంబ్లీకి గెలిచారు. 1962లో మళ్లీ నల్గొండ నుంచి లోక్‌సభకు. ఆ తర్వాత ఎన్నికల రాజకీయాల నుంచి నెమ్మదిగా పక్కకు జరిగి, పోరాట జ్ఞాపకాలు రాసుకున్నారు. పోరాటం గొప్పతనంతో పాటు అందులో జరిగిన తప్పులనూ దాచలేదు. అందుకే ఆయన పుస్తకం సొంత పార్టీవాళ్లలోనే కొందరికి మింగుడుపడలేదు. 1991 సెప్టెంబర్ 7న చనిపోయారు. మరుసటి ఏడాది దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆయన పక్కకు జరిగినా నల్గొండ ఓటరు మాత్రం తన లెక్క తాను వేసుకుంటూనే ఉన్నాడు. 1967లో ఇదే నల్గొండ సీటు నుంచి కాంగ్రెస్ తరఫున మహమ్మద్ యూనుస్ సలీం లోక్‌సభకు గెలిచారు. పార్టీ మారింది, మతం వేరు, ఓటరు పట్టించుకోలేదు.

రావి పోయిన ఐదేళ్లకు, 1996లో, నల్గొండ మళ్లీ దేశం మొత్తం దృష్టిలో పడింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు చేతులు వంకర పోయిన జనం, తాగునీళ్లు, సాగునీళ్లు ఇవ్వని ప్రభుత్వానికి బుద్ధి చెప్పాలని వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. చివరికి ఒక్క సీటుకు 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ పుస్తకం అంత అయింది. పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. తర్వాత జరిగిన పోలింగ్‌లో గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం, ఆయన కూడా సాయుధ పోరాటం నాటి మనిషే. ఆ ఏడాదే డిపాజిట్ మొత్తాన్ని 500 నుంచి 10 వేల రూపాయలకు పెంచారు. రాయి విసరకుండా, బస్సు తగలబెట్టకుండా, నామినేషన్ కాగితంతోనే దేశానికి నల్గొండ తన బాధ వినిపించింది.

ఇప్పుడు చేయాల్సింది

ఇవాళ ఓటు వేయడానికి రావి కాలం నాటి భయాలు లేవు. మన దగ్గర ఓటు పోయేది ఎక్కువగా చిన్న చిన్న కారణాలతోనే.

మొదటిది పేరు. ముస్లిం పేర్లు ఉర్దూ నుంచి తెలుగులోకి, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రకరకాలుగా మారిపోతాయి. ఆధార్‌లో మహమ్మద్, ఓటర్ కార్డులో ఎండీ, రేషన్ కార్డులో మొహమ్మద్. పెళ్లయి వచ్చిన ఆడవాళ్ల పేరు పుట్టింటి లిస్టులో ఉండిపోతుంది. ఒక ఇల్లు ఖాళీ చేసి పక్క మొహల్లాకు మారితే పాత బూత్‌లో పేరు తీసేస్తారు, కొత్త బూత్‌లో ఎక్కదు. కొత్త ఓటుకు ఫారం 6, తప్పుల సవరణకు, ఇల్లు మారితే ఫారం 8. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు ఉన్నాయి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల 1వ తేదీకి 18 నిండితే చాలు. ఓటర్ కార్డు జేబులో ఉంటే సరిపోదు, లిస్టులో పేరు ఉండాలి. పోలింగ్ రోజు కాదు, ఇప్పుడే చూసుకోవాలి. అనుమానం ఉంటే 1950 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు, లేదా బూత్ లెవల్ అధికారిని అడగొచ్చు.

రెండోది వలస. పాలమూరు నుంచి ముంబై, పూణె, హైదరాబాద్ పనులకు పోయినవాళ్లు, నల్గొండ నుంచి గల్ఫ్ పోయినవాళ్లు చాలామంది. దేశంలోనే ఉన్నవాళ్లు ఒక్కరోజు సెలవు పెట్టుకుని రావాలంటే ముందే చెప్పాలి, టికెట్ చూసుకోవాలి. ఒకే బస్తీలో పనిచేసే పదిమంది కలిసి ఒక బండి మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది.

మూడోది ఇంట్లోవాళ్లు. ముసలమ్మను ఎవరు తీసుకుపోతారు? చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు? పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు అని పక్కిళ్లవాళ్లు పంచుకుంటే ఆడవాళ్ల ఓటు పోదు.

ఎవరికి వేయాలి అనేది ఎవరి ఇష్టం వాళ్లది. అది చెప్పే హక్కు ఇంకెవరికీ లేదు, డబ్బులిచ్చి అడిగే హక్కు అంతకన్నా లేదు. పక్కింటి తలుపు తట్టి లిస్టులో పేరు ఉందా అని అడగడం మాత్రం అందరి పని. బొల్లేపల్లి దొరబిడ్డ మీద నల్గొండ జనం పెట్టుకున్న నమ్మకం ఒక్కరోజులో పుట్టలేదు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఊరూరా తిరిగి పావలా తీసుకుని ఒక్కొక్కరి పేరు రాసుకోవడంతో మొదలైంది. ఆ మూడు లక్షల ఓట్లు కూడా ఒక్కొక్క మనిషి ఇంట్లోంచి లేచి వస్తేనే డబ్బాలో పడ్డాయి.